క్రాస్ అంటే ఏందప్పా?

పశువుల శాఖలో అటెండరుగా చేరి, అటెండరుగానే రిటైరైనవాణ్ణి. ఇప్పుడు కొత్తగా ఆ శాఖలో చేరిన పిల్లలు అప్పుడప్పుడూ మా ఇంటి అరుగు మీద కూర్చుని, మీ కాలంలో పనెట్లా ఉండేదో చెప్పమంటారు. మేమెంత కష్టపడ్డామో చెబుతానని వాళ్ల ఆశ. నాకేమో మేమెంత తెలివితక్కువ పనులు చేశామో చెప్పడమే ఇష్టం. కష్టం ఎవరైనా పడతారు. నేను చేసినంత తప్పు చేసి, అంత గట్టిగా నవ్వుకున్నవాణ్ణి మాత్రం నేను ఇంకొకణ్ణి చూడలేదు.

ఉద్యోగంలో చేరేనాటికి నాకు అక్షరం ముక్క రాదు. అటెండరుకు చదువెందుకు, చేతులుంటే చాలు అనుకునే రోజులు. హాజరు పుస్తకంలో నా పేరెక్కడుందో గుమాస్తా వేలు పెట్టి చూపించేవాడు. అక్కడ నిలువుగా ఒక గీత, అడ్డంగా ఒక గీత గీసి వచ్చేవాణ్ణి. వేలిముద్ర వేస్తే ఆ సిరా చొక్కాకంతా అంటిస్తానని ఆయన నేర్పిన ఉపాయం అది.

ఇది డెబ్బైల చివరి సంగతి. పుంగనూరు నుంచి సైకిల్ తొక్కితే గంట దూరంలో ఒక పల్లె. పేరు చెప్పను, ఆ ఊరి జనం ఇంకా నవ్వుతారు. అక్కడ ఒక గది సెంటరు. డాక్టరుగారు వారంలో రెండుసార్లు వచ్చేవారు. మిగతా రోజులన్నీ ఆ సెంటరుకు నేనే డాక్టర్ని, నేనే అటెండర్ని, నేనే తలుపు తీసేవాణ్ణి. ఎదకొచ్చిన ఆవులకు సూది వేయడం కూడా ఆయన నాకు నేర్పారు. నా చెయ్యి మంచిదని పేరు కూడా వచ్చింది. చేతికి పేరొచ్చింది కానీ బుర్రకు రాలేదని తర్వాత తెలిసింది.

ఆ రోజుల్లో మా అందరి నోట్లో ఒకటే మాట, క్రాస్. నాటు ఆవులకు దేశం బయటి సీమ ఆబోతుల విత్తనం ఎక్కించి, పాలు ఎక్కువిచ్చే దూడల్ని పుట్టించాలని పైనుంచి ఆర్డరు. క్రాస్ చేయించండి, క్రాస్ దూడ రాజా దూడ, క్రాస్ ఆవుంటే ఇంట్లో పాల ఏరు పారినట్టు. ఇలా నేను సంతలో మైకు లేకుండానే అరిచేవాణ్ణి. డాక్టరుగారు కోస్తా మనిషి, కుర్రవాడు. సెంటరులో అడుగు పెడుతూనే "ఏవయ్యా, క్రాసులెలా ఉన్నాయి?" అనేవారు, ఇంట్లో పిల్లల్ని అడిగినట్టు. "బాగుండాయి సార్" అనేవాణ్ణి. ఆ మాటకు అర్థమేమిటో ఆయన చెప్పలేదు, నేను అడగలేదు. రోజూ తినే ఉప్పును ఎవరైనా ఏమిటని అడుగుతారా?

విత్తనం గాజు సీసాల్లో వచ్చేది, చూపుడు వేలంత సీసాలు. ఫ్లాస్కులో ఐసు ముక్కల మధ్య పెట్టి, బస్సు కండక్టరుకిచ్చి పంపేవాళ్లు. ప్రతి సీసాకూ ఒక కాగితం ముక్క అంటించి ఉండేది. దాని మీద ఇంగ్లీషులో జాతి పేరు, పక్కన చిన్న ఆబోతు బొమ్మ, ఏ జాతికైనా అదే బొమ్మ. నాబోటి వాళ్ల కోసం అవి పంపే మదనపల్లె సెంటరాయన సీసా మెడకు దారం కూడా కట్టేవాడు. ఎర్రదారమైతే జెర్సీ. నల్లదారమైతే హోల్‌స్టీన్, అంటే నలుపూ తెలుపూ మచ్చల పెద్ద జాతి. డాక్టరుగారు ఒక్కటే గట్టిగా చెప్పారు. "పుంగనూరు పొట్టి ఆవులకు నల్లదారం ముట్టుకోకు. దూడ పెద్దదైపోయి బయటికి రాక, తల్లీ పిల్లా రెండూ పోతాయి."

చూడనివాళ్ల కోసం చెబుతున్నా. మా పుంగనూరు ఆవు నిలబడితే నా నడుము దాకా రాదు. ముఖం మాత్రం మహారాణి ముఖం.

అట్లాంటి ఆవు ఒకావిడకు ఉండేది. చింతపండు కొట్టి గింజలు తీసే పని ఆమెది. మొగుడు లేడు, పిల్లల్లేరు. పుట్టింటివాళ్లు ఇచ్చిన ఆవొక్కటే ఆమె ఆస్తి, ఆమె చుట్టం, ఆమె సాయంకాలం కబుర్లకు తోడు. నేను అక్కా అనేవాణ్ణి. ఊళ్లో అందరూ ఆమె నోటికి భయపడి అక్కా అనేవాళ్లు.

ఒకరోజు మధ్యాహ్నం ఆవు ఎదకొచ్చిందని కబురు పంపింది. నేను ఫ్లాస్కు తగిలించుకుని పోయాను.

"ఏమప్పా, యాల ఇంత సేపు? ఆవు అరిసి అరిసి గొంతు పొయ్యింది" అంది.

"వచ్చినా గదక్కా. క్రాస్ చేసేస్తా. దూడ బెమ్మాండంగా పుడతాది."

"క్రాస్ అంటే ఏందప్పా?"

"క్రాసంటే... క్రాసే అక్కా."

"అదే, అదేందని అడగతాండా. మందా? విత్తనమా? ఊరి పేరా?"

"గవర్నమెంటుది."

"గవర్నమెంటుదైతే దానికి తోకుంటాదా, ల్యాదా?"

చుట్టూ చేరిన ఆడవాళ్లు ఫక్కున నవ్వారు. నా చెవులు కాలాయి. మాట మార్చాలని ఫ్లాస్కు మూత తీశాను. ఎండకు ఐసు ఎప్పుడో నీళ్లయిపోయింది. అందులో రెండు సీసాలు బోడి మెడలతో తేలుతున్నాయి. ఎర్రదారం, నల్లదారం రెండూ ఊడి అడుగున ఒకదానికొకటి చుట్టుకుని పడి ఉన్నాయి, మొగుడూ పెళ్లాల్లాగా.

అప్పుడు ఒక్క మాట అడిగితే సరిపోయేది. వీధి చివర బడిపంతులు ఉన్నాడు. పోస్టు తెచ్చేవాడు ఉన్నాడు. ఎవరైనా చదివి చెప్పేవాళ్లే. కానీ అంతమంది ఆడవాళ్ల ముందు, ఖాకీ చొక్కా వేసుకున్నవాణ్ణి, చదువు రాదని ఎలా చెప్పను? ఒక సీసా తీసి, మొహానికి దగ్గరగా పెట్టి, పెదవులు కదిపి, తల ఊపి, "ఆ, ఇదే" అన్నాను. పని ముగించాను. అక్క నావైపు, సీసా వైపు మార్చి మార్చి చూసింది, అంతే.

మర్నాడు ఫ్లాస్కు మార్చుకుని రావడానికి మదనపల్లె బస్సెక్కాను. ఖాళీ సీసా జేబులో ఉంది, ముల్లులాగా. పక్క సీటులో తెల్ల పంచె, నల్ల కోటు వేసుకున్న పెద్దాయన. మదనపల్లె మిషను బళ్లో తెలుగూ ఇంగ్లీషూ చెప్పి రిటైరైన మాస్టరట. మెల్లిగా సీసా తీసి, "సార్, కండ్లద్దాలు ఇంట్లో మర్సిపోయినా. ఇదేందో రవ్వంత సూడండి" అన్నాను.

ఆయన నా మొహం చూశాడు, నా నల్లటి జుట్టు చూశాడు. "నీ వయసులో నాకూ అద్దాల్లేవు నాయనా. సదువుండింది" అని నవ్వి, కాగితం మీది మాట చదివాడు.

"హోల్‌స్టీన్."

బస్సు గుంతలో పడిందో, నేను పడ్డానో తెలియలేదు.

ఆయనకు అంతా చెప్పేశాను. మొదటిసారి ఒక మనిషితో, నాకు చదువు రాదు అన్నాను. ఆయన జాలిపడలేదు, తిట్టలేదు. "ఆదివారం ప్రార్థన అయినంక బడి వరండాలో ఉంటా, రా. పలక నువ్వే తెచ్చుకో" అన్నాడు.

ముప్పై దాటిన వయసులో పలక కొనుక్కున్నాను. కొట్టువాడు "పిల్లోడు యా క్లాసు?" అని అడిగాడు. "ఇప్పుడే చేరినాడు" అన్నాను.

మాస్టరు పద్ధతి వేరు. తెలుగు అక్షరాలు ఒకవైపు, ఇంగ్లీషు మాట ఒకటి ఒకవైపు. వారమంతా ఆ మాట ఎక్కడెక్కడ కనబడితే, వినబడితే అక్కడినుంచి ఏరుకుని రావాలి. "మొదట యా మాట కావల్ల నీకు?" అన్నాడు. నా నోట్లోంచి ఆలోచించకుండానే వచ్చింది. "క్రాస్ సార్. దినమంతా అంటాండా. అదేందో తెలీదు."

ఇక చూడండి నా తిరుగుడు. చెవులు సైకిలు కన్నా ముందు పరిగెత్తేవి. మొదటిది వరండాలోంచే కనబడింది, పక్కనున్న చర్చి గుడి మీద శిలువ. "అదీ క్రాసే" అన్నాడు మాస్టరు. రెండోది బస్సులో దొరికింది. మా పక్క రోడ్డు చీలే ప్రతిచోటా ఒక స్టాపు, ఊరి పేరు చివర క్రాస్ అని. ఏళ్ల తరబడి అక్కడ దిగుతూ కూడా అది నా మాటే అని నాకు తట్టలేదు! మూడోది కోర్టు ముందర టీ కొట్టులో. బోనులోంచి అప్పుడే బయటపడిన ఒక రైతు చెమట తుడుచుకుంటూ, "వకీలు క్రాస్ చేసినాడప్పా, నా పేరు నాకే అనుమానమొచ్చింది" అంటున్నాడు. ఆవును క్రాస్ చేస్తే దూడ పుడుతుంది, రైతును క్రాస్ చేస్తే ఏం పుడుతుందో అని నాకు నవ్వాగలేదు. నాలుగోది బ్యాంకులో చెక్కు మీద గీసే రెండు గీతలు. ప్రతి ఆదివారం వేటకు పోయి వచ్చినవాడిలా సంచీ విప్పేవాణ్ణి. మాస్టరు ఒక్కొక్కటే పలక మీద రాసేవాడు.

అయిదోది ఆయనే ఇచ్చాడు. ఇంగ్లీషులో కోపంగా ఉన్న మనిషిని కూడా క్రాస్ అంటారట. సముద్రంలో ఓడకు అడ్డంగా వీచే గాలిని అట్లా అనేవాళ్లట, దాన్నుంచి అడ్డం తిరిగే మనిషికి వచ్చిందట. "అయితే మా అక్కకు అదే పేరు సార్" అన్నాను.

ఒక ఆదివారం పెద్ద నిఘంటువు ముందేసుకుని ఆ మాట పుట్టుక చెప్పాడు. "దీని తాత లాటిన్ నాయనా. మనుషుల్ని కట్టి సంపే కొయ్యకు వాళ్లు పెట్టుకున్న పేరు. కిరస్తానం గురువుల ఎంట ఐర్లాండుకు పొయ్యింది, ఆడ రూపం మార్సుకునింది. ఆన్నించి ఉత్తరాది ఓడలోళ్లు తీసకపోయినారు. వాళ్ల కాన్నించి ఇంగ్లీషోళ్ల ఇంటికి సేరింది."

"సార్! అయితే ఆ మాటే ఒక క్రాస్ దూడ!"

ఆయన కళ్లద్దాలు తీసి తుడుచుకున్నాడు, నవ్వి నవ్వి. తర్వాత అన్నాడు. "శిలువలో అడ్డకొయ్య. రోడ్డుకు అడ్డరోడ్డు. కోర్టులో అడ్డప్రశ్న. చెక్కు మింద అడ్డగీత. మన అడ్డం అనే మాటను పట్టుకో, అన్నీ దొరకతాయి. ఇంగ, హాజరు పుస్తకంలో నువ్వు గీసేది సూడు. సదువు రాదంటివే, ఇన్నేండ్లుగా ఆ ఒక్క మాట బొమ్మ గీస్తానే ఉండావు."

ఆ రోజు మదనపల్లె నుంచి పుంగనూరుకు బస్సు నన్ను తీసుకొచ్చిందో, నేనే ఎగురుకుంటూ వచ్చానో!

కానీ ఊళ్లోకి అడుగు పెట్టగానే ఎగురుడు ఆగిపోయేది. అక్క ఆవు చూలు కట్టింది. నెల నెలకూ ఆ పొట్టి ఆవు పొట్ట గుండ్రమవుతుంటే నా పొట్ట లోపలికి పోయేది. లోపల ఏనుగులాంటి దూడ పెరుగుతోందని నాకు తెలుసు, ఆమెకు తెలియదు. చెప్పే ధైర్యం లేదు. డాక్టరుగారికి చెబితే ఉద్యోగం పోతుంది. ఏం చేయాలో తోచక తవుడు తీసుకుపోయి ఇచ్చేవాణ్ణి. మేతకని చెనక్కాయ కట్టె మోపు మోసుకుపోయేవాణ్ణి. పొద్దున్నే వెళ్లి కొట్టం ఊడ్చేవాణ్ణి.

"ఏమప్పా, నా ఆవు మింద ఇంత ప్రేమ? దీనికి గవర్నమెంటు పెన్షనిస్తాదా ఏంది?" అనేది.

"డ్యూటీ అక్కా."

"అట్లనా. డ్యూటీ అయితే రేపు ఇంగో మోపు తీసకరా."

నెలలు నిండుతుండగా నన్ను గాలికుంటు టీకాలకని కుప్పం పంపారు. రామకుప్పం పక్క పల్లెల్లో పగలంతా పశువుల్ని పట్టుకోవడం, మనసంతా పుంగనూరులో. కుప్పం స్టేషన్లో రైలు ఎందుకో ఆగి కదలకపోతే, ఒకాయన "క్రాసింగప్పా" అన్నాడు. ఎదురొచ్చే బండికి దారిస్తోందట. ఇంకెప్పుడైనా అయితే ఎగిరి గంతేసేవాణ్ణి, నా సంచీలోకి ఇంకొకటి దొరికింది కదా. ఆ రోజు మాత్రం దూడ కూడా ఎక్కడో అట్లా ఆగిపోయి ఉంటుందేమో అనిపించింది. టీకాలు అయీ అవగానే పలమనేరు మీదుగా బస్సులు మారి వచ్చేశాను.

నేను ఊళ్లో దిగేసరికి పొద్దు నడినెత్తికి వచ్చింది. ఆవుకు పొద్దున్నుంచే నొప్పులు. డాక్టరుగారు మీటింగుకని చిత్తూరు వెళ్లారు. అక్క ఆవు తల ఒళ్లో పెట్టుకుని కూర్చుంది. నేను చొక్కా విప్పి, మోచేతుల దాకా సబ్బు రాసుకుని కూర్చున్నాను. ఆవు నావైపు చూసింది. ఆ చూపుకు నాలో ఉన్నదంతా బయటికొచ్చేసింది.

"అక్కా, నన్ను కొట్టు. ఆ దినం నేనేసింది జెర్సీ గాదు. పెద్ద జాతిది. దారాలు ఊడిపోయినాయి. సీసా మింద ఏముందో నాకు సదవను రాదు. ఈ ఆవుకేమన్నా అయితే పాపం నాదే."

ఆమె తల కూడా ఎత్తలేదు. "సదవను రాదని నాకు ఆ దినమే తెలుసు లేప్పా."

"ఎట్ల?"

"సీసా మొగానికి పెట్టుకోని పెదువులు ఆడిస్తివి గదా. ఆ కాగితం మిందుండే ఆబోతు కాళ్లు ఆకాశానికుండె. తలకిందలు పట్టుకోని సదివేటోణ్ణి నిన్నే సూసినా."

అంతలో ఆవు గట్టిగా ముక్కింది. నేను చెయ్యి చాపాను. రెండు కాళ్లు తగిలాయి, వాటి మీద ముక్కు. గట్టిగా లాగాలని కాలు తన్నిపెట్టి కూర్చున్నానా, లాగింది ఎక్కువైపోయి దూడతో సహా వెనక్కి పేడలో వెల్లకిలా పడ్డాను. దూడ నా పొట్ట మీద పడింది. ఏనుగు లేదు, గీనుగు లేదు. తెల్లగా, పొట్టిగా, కుందేలు పిల్లంత దూడ! మచ్చల్లేవు. అచ్చం తల్లే.

"అక్కా! ఇదేంది? ఇది... ఇది నాటుదే!"

"నాటుదిగాక మరేంది? క్రాస్ అంటే ఏందప్పా అంటే నీకే తెలీకపాయ. తెలీనోడి సేతికి నా ఆవునెట్ల వదుల్తా? నువ్వట్ల సైకిలెక్కినావో ల్యాదో, నేనిట్ల మా అన్న కాడుండే పొట్టి కోడెకు దాటించుకోనొస్తి."

"మరి ఇన్ని నెల్లూ నాకు సెప్పలేదేమక్కా? తవుడు, కట్టె, కొట్టం ఊడ్సేది..."

"నేనడిగితినా? నువ్వే తెస్తాంటివి. వచ్చే తవుణ్ణి యవరన్నా వద్దంటారా? అయినా యవరి దూడో నాకు మాత్రం ఏం తెలుసు? ఈనినంక సూస్తాం గదా అనుకుంటి."

పేడలో పడుకునే నవ్వడం మొదలుపెట్టాను. దూడ నా చెవి నాకుతోంది. అక్క ముందు కసిరింది, తర్వాత ఆమెకూ నవ్వొచ్చింది. ఆవు ఒక్కటే గంభీరంగా ఉంది, ఆ రోజు అక్కడ పని చేసింది అదొక్కటే కాబట్టి.

డాక్టరుగారు వచ్చాక ఆయనకూ అంతా చెప్పేశాను. చాలాసేపు తిట్టారు. ఇంగ్లీషులో తిట్టారు. మధ్యలో క్రాస్ అన్నమాట ఏమైనా వస్తుందేమో అని విన్నాను, రాలేదు. చివరికి దూడను చూసి మూతి బిగపట్టుకుని, "రిజిస్టరు తీసుకురా, రాస్తాను" అన్నారు. "నేనే రాస్తా సార్" అన్నాను. జాతి అనే గడిలో 'నాటు' అని రాశాను. రెండక్షరాలకు అర పేజీ పట్టింది. ఆయన పక్క గడుల్లోకి పాకిన నా అక్షరాలను చూసి, నన్ను చూసి, తన కలానికి మూత పెట్టి నాకే ఇచ్చేశారు. ఉద్యోగం పోలేదు. హాజరు పుస్తకంలో నా గీతలు మాత్రం ఆ రోజుతో ఆగిపోయాయి.

మూడోనాడు అక్క జున్నుకు పిలిచింది. గిన్నె ముందు పెట్టి, "ఇంగ సెప్పు. సదువుకుంటాండావంట గదా. క్రాస్ అంటే ఏంది?" అంది. నేను నా సంచీ అంతా విప్పాను. గుడి, రోడ్డు, కోర్టు, చెక్కు, కుప్పం రైలు, కోపం, లాటిన్ తాత. అన్నీ చెప్పి, "మన మాటల్లో అడ్డం అనుకో అక్కా" అన్నాను. "ఒక జాతికి ఇంగో జాతిని అడ్డం కలిపేది."

ఆమె నా గిన్నెలో ఇంకో జున్నుముక్క వేసింది. "ఇంత ఉండాదా దాంట్లో! ఆ దినం ఇదంతా తెలీకుండానే నా ఆవు ఎనక నిలబడినావే, ఎంత ధైర్యమప్పా నీకు!" అంది.

పిల్లలూ, మీకు చెప్పాలనుకున్నది ఇదే. ఊరంతా తిరిగి అమ్మే మాటకు అర్థం మీకు ముందు తెలిసుండాలి. మాకు తెలియని రోజుల్లో చాలా పొట్టి ఆవుల కడుపుల్లో సీమ దూడల్ని పుట్టించాం. ఇప్పుడు ఆ పొట్టి జాతిని చూడ్డానికి జనం కార్లేసుకుని వస్తుంటే నాకు తల వంచుకోబుద్ధేస్తుంది. ఒక్క అక్క దూడ మాత్రం ఆమె ప్రశ్న అడగబట్టి మిగిలింది. ఆ ప్రశ్న నన్నూ బడికి తోలింది.

ఏడాది తిరక్కముందే అక్క మళ్లీ కబురు పంపింది. భయపడుతూ పోయాను. ఆమె చెల్లెలు తోలుకొచ్చిన పెద్ద నాటు ఆవొకటి కట్టేసి ఉంది. "నా పొట్టిదాని జోలికి రావాకు. దీనికి మాత్రం నీ అడ్డందేదో ఎయ్యి" అంది.

ఫ్లాస్కు మూత తీశాను. దారం ఉంది, ఎర్రది. దాన్ని చూడలేదు. సీసా పైకెత్తి పట్టుకుని, అంతమంది ఆడవాళ్ల ముందు, ఒక్కొక్క అక్షరమే గట్టిగా చదివాను. "జె. ఇ. ఆర్. ఎస్. ఇ. వై. జెర్సీ."

అక్క వంగి కాగితం వైపు చూసింది.

"ఆబోతు నిలబడుకోని ఉండాదా?"

"నిలబడుకోనే ఉండాదక్కా."

"అయితే కానీ" అంది.